ఎక్స్‌పోజర్‌కి తాళం ఎందుకొచ్చింది

తెలుగు పెళ్లి ఆల్బమ్‌లో నిమిషం తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే తరచూ ఒక వింత కనిపిస్తుంది. మధుపర్కాలు కట్టుకున్న వధూవరులు ఫ్రేము నిండా ఉన్నదాంట్లో తెల్లబట్ట బూడిదరంగుకి దిగిపోయి, ముఖాలు నల్లబడతాయి. మండపం వెనక చీకటి కూడా పడేలా వెడల్పుగా తీసినదాంట్లో అదే బట్ట మెరిసిపోయి నేత కూడా కనబడదు. లైట్లు మారలేదు, మనుషులు కదల్లేదు; మారింది కెమెరా లెక్క. దీన్ని కెమెరా తప్పు అనడం అన్యాయం. ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ పుట్టిందే ఏ ఫొటోకి ఆ ఫొటోని గట్టెక్కించడానికి. పక్క ఫొటోతో పొత్తు కుదర్చమని దాన్ని ఎవరూ అడగలేదు.

1932లో అమెరికాలో వెస్టన్ కంపెనీ సెలీనియం లైట్ మీటర్ అమ్మకానికి పెట్టాక అంచనాల స్థానంలో అంకె వచ్చింది. ఫొటోగ్రాఫరు ఒకసారి కొలిచి, అపర్చర్, షట్టర్ స్పీడ్ పెట్టుకుంటే వెలుతురు మారేదాకా వాటిని ముట్టుకునే పని లేదు. నిలకడ అడక్కుండానే దక్కింది. 1938లో కొడాక్ సూపర్ సిక్స్-20 వెలుతురుని కొలిచే అలాంటి సెల్‌ని కెమెరాలోనే పెట్టి అపర్చర్‌ని దానంతటదే తిరిగేలా చేసింది. 1963లో టాప్‌కాన్ ఆర్ఈ సూపర్ లెన్స్ గుండా వచ్చే వెలుతురునే కొలవడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి ఫ్రేము కొంచెం జరిగినా కొలత మారుతుంది. చిక్కంతా అక్కడే: మీటర్ చూసేది వస్తువు మీంచి తిరిగొచ్చే వెలుతురుని. అది మసక వెలుతురులోని తెల్లబట్టో, ఎండలోని నల్లకోటో దానికి తెలియదు. దేన్నైనా మధ్యస్థ బూడిదరంగు అనుకునే లెక్కకడుతుంది. తెల్లటి గుబ్బ పెట్టి, వస్తువు మీద పడే వెలుతురుని కొలిచే డాన్ నార్వుడ్ మీటర్‌ని సినిమావాళ్లు ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు. వాళ్ల షాట్లు ఒకదానికొకటి అతకాలి మరి.

మామూలు జనానికి ఈ చిక్కు చాలాకాలం కనిపించకపోవడానికి కారణం ల్యాబ్. నెగెటివ్ ఫిల్ము ఎక్కువతక్కువల్ని బాగానే ఓర్చుకుంటుంది. మిగిలిన తేడాని ప్రింట్ వేసేటప్పుడు సరిచేసేవారు. స్లైడ్ ఫిల్ములో ఆ చాటు లేదు. అందుకే ఆటోమేటిక్ కెమెరాలకి, ఒకసారి కొలిచిన ఎక్స్‌పోజర్‌ని కదలకుండా పట్టి ఉంచే తాళం కూడా కావాల్సి వచ్చింది. 1978 నాటి నికాన్ ఎఫ్ఈలో దానికంటూ ప్రత్యేకమైన మీట లేదు, సెల్ఫ్ టైమర్ లీవర్‌నే లెన్స్ వైపు నొక్కిపట్టాలి. వేలు తీస్తే తాళం ఊడినట్టే. 1983లో నికాన్ ఎఫ్ఏ ఫ్రేముని ఐదు ముక్కలుగా చూసి అంచనాని మెరుగుపరిచింది, కానీ ఫ్రేముకో కొత్త అంచనా మాత్రం తప్పలేదు.

ఇప్పుడు రా ఫైలు ఉంది, కంప్యూటర్లో అన్నిటినీ సమం చేసుకోవచ్చు కదా అంటారు. కొంత నిజమే. అయితే పూర్తిగా తెల్లబడి పోయిన జరీ అంచు ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగిరాదు. నల్లబడ్డ ముఖాన్ని పైకి లాగితే రవ్వలాంటి నాయిస్ కూడా దాంతోపాటే లేస్తుంది. పైగా ఒకే సెట్టింగ్‌తో తీసిన వంద ఫొటోలకి ఒకే దిద్దుబాటు సరిపోతుంది, వంద రకాలుగా తీసినవాటికి ఒక్కోదాన్నీ విడిగా చూడాలి. మేఘాలు కమ్ముతూ విడుతూ ఉన్న ఊరేగింపులో మాన్యువల్ పనికిరాదన్న వాదనకి బలముంది. అక్కడ ఆటోనే మేలు. మండపంలో లైట్లు అలాగే ఉండగా ఆటో పెట్టడానికి మాత్రం నాకు కారణం కనబడదు. ఒక మెలిక చూసుకోవాలి: ఇప్పటి చాలా కెమెరాల్లో డయల్ మీద ఎం (మాన్యువల్) పెట్టినా ఐఎస్ఓ ఆటోలో ఉంటే ఎక్స్‌పోజర్ కదులుతూనే ఉంటుంది. 2006లో పెంటాక్స్ కె10డి ఈ పద్ధతికి టీఏవీ అని వేరే గుర్తు ఇచ్చింది. మిగతా కంపెనీలు చాలావరకు దాన్ని ఎం కిందే ఉంచేశాయి, కాబట్టి ఐఎస్ఓ కూడా చేత్తో పెట్టాకే తాళం పడినట్టు.