రెండు పరుగుల నడుమ

అక్టోబరులో చికాగో మారథాన్ అయింది. జనవరిలో హ్యూస్టన్. మధ్యలో మూడు నెలలు. ఇరవయ్యారు మైళ్ళు పరిగెత్తడం కన్నా ఈ మూడు నెలలు ఒళ్ళు దగ్గర పెట్టుకోవడమే కష్టమని రెండేళ్ళ కిందట నాకు తెలిసొచ్చింది.

ఆ ఏడు చికాగో నించి వచ్చిన తొమ్మిదో రోజుకే వాచీ చూసుకుంటూ వేగంగా పరుగు మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే మోకాలి కింద ఎముకలో సన్నటి చీలిక వచ్చింది. హ్యూస్టన్ పరుగు రోజున ఇంట్లో సోఫాలో ఉన్నాను.

ఎందుకంత తొందర అంటే, భయం. మా నాన్నగారికి యాభై ఒకటో ఏట గుండెపోటు వచ్చింది. 1986, ఒంగోలు. మా ఇంట్లో, చుట్టాల్లో అందరిదీ ఒకటే మాట: కదలకూడదు. నాన్న పడక్కుర్చీలో కూర్చున్నారు. తరవాత బతికిన నాలుగేళ్ళూ వీధి చివర కొట్టు దాకా కూడా నడవలేదు. రెండేళ్ళ కిందట నాకూ యాభై ఒకటే. నా కాళ్ళు ఆగితే ఆ కుర్చీ నాకోసం ఎక్కడో కాచుక్కూర్చుందనిపించేది.

కాలు బాగుపడేదాకా చదువుకుంటూ ఉంటే దొరికాడు ఆర్థర్ లిడియార్డ్. న్యూజీలాండ్‌లో, ఆక్లండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఓసారి స్నేహితుడితో అయిదు మైళ్ళు పరిగెత్తి, గుండెలు పగిలేంత ఆయాసపడ్డాడు. అప్పటికింకా ముప్ఫై నిండలేదు. ఇప్పుడే ఇలా ఉంటే యాభైకి దగ్గరపడేసరికి నా గతేమిటి అనుకున్నాడట. ఆ భయం నాకు బాగా తెలుసు.

ఆయన ప్రయోగాలన్నీ తన ఒంటి మీదే చేసుకున్నాడు. ఏళ్ళ తరబడి మైళ్ళు పెంచీ తగ్గించీ చూసి, వారానికి నూరు మైళ్ళ దగ్గర స్థిరపడ్డాడు. 1953లోనూ 1955లోనూ ఆ దేశపు మారథాన్ గెలిచాడు. అప్పట్లో చాలామంది ట్రాకు మీద చిన్న చిన్న దూరాలు గట్టిగా, పదేపదే పరిగెత్తేవారు. లిడియార్డ్ ముందు చాలా వారాలపాటు దూరం పెంచమన్నాడు. తరవాత కొండలు ఎక్కడం, ఆ తరవాతే వేగం, చివర్న పోటీ. పోటీ అయ్యాక మళ్ళీ మొదటికి. కోత కోసిన చేలో మర్నాడే నాట్లు వెయ్యం కదా, అలాగన్నమాట.

ఆయన శిష్యులు ఆదివారాలు వైటాకెరె కొండల్లో ఇరవై రెండు మైళ్ళు పరిగెత్తేవారు. రెండు నిమిషాల్లోపే అయిపోయే 800 మీటర్ల పోటీకి తయారయ్యే పీటర్ స్నెల్ కూడా! 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లూ, మర్రే హాల్బర్గ్ 5000 మీటర్లూ గెలిచారు. ఎనిమిది రోజుల తరవాత, అబెబె బికిలా ఉత్తకాళ్ళతో గెలిచిన మారథాన్‌లో మూడోవాడు లిడియార్డ్ శిష్యుడు బారీ మగీ.

నన్ను పట్టుకున్నది మాత్రం పతకాల కథ కాదు. గుండెజబ్బు వచ్చినవాళ్ళని కూడా లిడియార్డ్ మెల్లగా పరిగెత్తించాడు. పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరిగెత్తమనేవాడు. ఆరెగాన్ కోచ్ బిల్ బోవర్మన్ అక్కడికి చుట్టపుచూపుగా వెళ్ళి, ఓ ఉదయం వాళ్ళతో పరుగుకి దిగాడు. డెబ్బై దాటిన, గుండెపోటు వచ్చి తేరుకున్న ఓ పెద్దాయన కూడా ఆయన్ని వెనక్కి నెట్టేశాడు. అప్పుడు బోవర్మన్ వయసు యాభై ఒకటి! సిగ్గుపడి ఊరుకోలేదాయన. ఇంటికి రాగానే ఊళ్ళోవాళ్ళకి జాగింగ్ నేర్పించాడు, తరవాత ఓ గుండె డాక్టరుతో కలిసి పుస్తకం రాశాడు. అమెరికా వీధుల్లో జాగింగ్ పాకడానికి అదో పెద్ద కారణం. ఇదంతా అరవైల్లో సంగతి. 1986 నాటికి కూడా ఆ కబురు మా నాన్న కుర్చీ దాకా రాలేదు.

స్నెల్ తరవాత శాస్త్రవేత్త అయ్యి, నేనుండే ఈ డాలస్‌లోనే వ్యాయామం మీద దశాబ్దాలపాటు పరిశోధన చేశాడు. 2019లో ఇక్కడే పోయాడు. లిడియార్డ్ కూడా 2004లో ఉపన్యాసాలివ్వడానికి వచ్చి టెక్సస్‌లోనే కన్నుమూశాడు.

ఈసారి చికాగో తరవాత రెండు వారాలు ఉత్త నడకే. రెండు మూడు వారాలు ఆగితే ఒంట్లో రక్తం పరిమాణం కొంత తగ్గుతుంది, మొదట్లో ఆయాసం వస్తుంది, నిజమే. కానీ ఏళ్ళ తరబడి కండల్లో పెరిగినదంతా అంత తొందరగా పోదు. పైగా గుండె, ఊపిరితిత్తులు కోలుకున్నంత వేగంగా ఎముకలు కోలుకోవు. నా కాలు విరగ్గొట్టింది ఈ తేడానే. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు నెమ్మది పరుగు, ఒక్కరోజు మాత్రం కాస్త వేగం. అదీ నెల దాటాకే మొదలుపెట్టాను.

ఆదివారం పొద్దున వైట్ రాక్ చెరువు చుట్టూ తొమ్మిది మైళ్ళు. చెవిలో ఇయర్‌ఫోన్, అవతల ఒంగోలులో అమ్మ.

"పరిగెడుతున్నానంటావు, ఆయాసం లేదేంట్రా?"

"రాకూడదమ్మా. వస్తే తప్పు చేస్తున్నట్టు."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "సరే, ఎంత దూరం వచ్చావు?" అంది.

సగం దాటానని చెప్పాను.