తీన్‌మార్

ఉర్దూలో తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. మూడు దెబ్బల ఆ డప్పు వరసే హైదరాబాదు వీధుల్లో తీన్‌మార్ అయింది. దీని నడకలో మార్ఫా జాడ గట్టిగా వినిపిస్తుంది. మార్ఫా యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు నిజాం కొలువుకు వస్తూ తెచ్చిన వాద్యం. 2011లో తీన్‌మార్ అన్న మాట సినిమా పేరయింది. తర్వాత టీవీ వార్తల కార్యక్రమానికీ ఎక్కింది.

వినాయక నిమజ్జనం రోజున అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు సాగే ఊరేగింపుల్లో గన్‌ఫౌండ్రీ ఈ దరువుతో అదిరిపోతుంది. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన చోటది. పాతబస్తీవాసుల నోట తోప్ కా సాంచా.

నిమజ్జనం వచ్చే భాద్రపదమంటే వానలు. తోలు డప్పు తడి పీల్చి వదులవుతుంది, గొంతు దిగిపోతుంది. అందుకే వాయించేముందు మంట దగ్గర కాచి బిగిస్తారు. తోలు బదులు బిగించే ప్లాస్టిక్ షీటుకు ఆ బాధ లేదు. అమెరికాలో రెమో బెల్లి 1957లో పాలిస్టర్ హెడ్ల (డ్రమ్ముకు బిగించే షీట్ల) కంపెనీ పెట్టాక డ్రమ్ సెట్లలో దూడ తోలు క్రమంగా తప్పుకుంది. ఆ షీటే ఇప్పుడు మన బ్యాండ్‌మేళాల్లోనూ మోగుతోంది.

ఒంటిపొర హెడ్ ఖంగున మోగి, మోత కాసేపు నిలుస్తుంది. రెండు పొరలది దెబ్బలకు బాగా తట్టుకుంటుంది, కానీ మోతను త్వరగా మింగేస్తుంది. తీన్‌మార్‌కు మూడో దెబ్బ విడిగా తెగి వినపడాలి. మరీ వదులుగా బిగిస్తే ఏ హెడ్డయినా దాన్ని బురదలా కలిపేస్తుంది.

ఎండిన తోలుకున్న వెచ్చని గొంతు మాత్రం ఏ షీటుకూ రాలేదు. వాన లేని రోజున తోలు డప్పు మేళాన్నే పిలవండి.