అత్తమ్మ గుత్తిలో రైలు

మా అత్తమ్మ తాళపుచెవుల గుత్తిలో ఏ తాళానికీ పట్టని చెవి ఒకటుంది. నేను కాపరానికొచ్చిన కొత్తలోనే గమనించాను దాన్ని. బీరువాది కాదు, వడ్ల గదిది కాదు, ట్రంకు పెట్టెది అసలే కాదు. సీతాకోకచిలుక రెక్కల్లాంటి బుల్లి తల, దానికి బోలుగా ఉండే కాడ. "ఇది దేనిది అత్తమ్మా?" అని అడిగితే, "ఉండనీ బిడ్డా, నిన్నేమన్న కరుస్తున్నదా?" అనేది. ఇరవై ఏళ్ళలో ఓ పదిసార్లు అడిగి ఉంటాను. పదిసార్లూ అదే జవాబు.

పోయిన సంక్రాంతికి ఆ జవాబు మారింది.

అత్తమ్మ పుట్టిల్లు నేరేడుచర్ల. మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే దారిలో ఉంటుంది. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత సూర్యాపేట జిల్లా. పాత పెంకుటిల్లు విప్పేసి కొత్తది కట్టుకుంటున్నాం, ఒకసారి వచ్చి మీ సామానేమైనా ఉంటే చూసుకోండని కబురొస్తే నేనూ, అత్తమ్మా వెళ్ళాం. అటక మీంచి దించిన సామాను వాకిట్లో కుప్ప పోశారు. చిల్లులు పడ్డ గంగాళం, కాలు విరిగిన పీట, తిరగలి రాయి. పాత ఇనుము కొనేవాడు తక్కెడతో సహా తయారుగా కూర్చున్నాడు. ఆ కుప్పలో నుంచి మసిబారిన డాల్డా డబ్బా ఒకటి దొర్లింది. దాంట్లోంచి రేకు రైలింజను బయటపడింది. దాని వెనకే రెండు పెట్టెలు, వంపు తిరిగిన పట్టాల ముక్కలు కొన్ని.

"పావుకిలో కూడా తూగదమ్మా" అన్నాడు ఇనుప సామాను అబ్బాయి.

అత్తమ్మ మాట్లాడలేదు. వంగి ఆ ఇంజను తీసుకుని కొంగుతో తుడిచింది. దాని పక్కన చిన్న కన్నం ఉంది. గుత్తిలో ఉన్న ఆ బుల్లి చెవిని తీసి అందులో పెట్టింది. సరిగ్గా కూర్చుంది!

అప్పుడు చెప్పింది. 1956లో వాళ్ళ నాయన హైదరాబాదు నుమాయిష్‌కి వెళ్ళి, కొడుక్కని ఈ రైలు కొనుక్కొచ్చాడట. ఈమెకప్పుడు ఎనిమిదేళ్ళు, అన్నకి పన్నెండు. "నన్ను ముట్టనియ్యలే బిడ్డా. ఆడపిల్లకు రైలెందుకే, పోయి గురుగులతోని ఆడుకో అన్నరు. నాకు కోపమొచ్చింది. ఒకనాడు అందరు పండుకున్నంక చెవి తీసి దాసిపెట్టిన. అన్న రెండు దినాలు ఏడ్సిండు. ఇస్తే కొడ్తరని ఇయ్యలే. ఇగ ఆ రైలు ఉరకనే లేదు."

ఆ చెవి ఆమెతో పాటే అత్తవారింటికి వచ్చింది. అన్న ఏడుపు కూడా వచ్చినట్టుంది దాంతోపాటు.

ఇప్పుడు ఆ రైలును నడిపించాలి. నాకైతే అది మహా ముఖ్యమైన పనిలా తోచింది.

మనం డబ్బా రేకు అంటామే, అది వట్టి ఇనుము కాదు. ఇనుప రేకుకి తగరం పూత. ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించుకునేవాళ్ళం గుర్తుందా? అదే తగరం, ఇదీ అంతే. పూత చెక్కుచెదరకుండా ఉన్నన్నాళ్ళూ ఇనుముకి తుప్పు రాదు. ఎక్కడ గీత పడిందో అక్కడ మొదలవుతుంది. మా రైలుపెట్టె కప్పు మీద సరిగ్గా గీతలున్న చోటే ఎర్రగా తుప్పు పాకింది.

రాగిచెంబు తోమినట్టు కాస్త చింతపండు పెట్టి తోమేద్దామనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే! ఇంకా నయం, ముందు మిర్యాలగూడలో గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. "పులుపు తగిలితే బొమ్మలన్నీ పోతయమ్మా" అని కేకేశాడాయన. ఆ పెట్టె కిటికీల్లో టోపీ పెట్టుకున్న దొరలు, దొరసానులు, ఇంజనులో బొగ్గు వేసే మనిషి ఉన్నారే, వాళ్ళు కుంచెతో వేసిన బొమ్మలు కారు. రేకు చదునుగా ఉన్నప్పుడే దాని మీద రంగుల్లో అచ్చువేస్తారు. ఆ తర్వాతే కత్తిరించి, అచ్చులో నొక్కి వంచుతారు. అందుకే మనం గీకితే ఆ మొహాలు మళ్ళీ రావు.

ఇంకో తమాషా ఏమిటంటే, ఈ రైలుకి ఎక్కడా మాటు పెట్టలేదు. మాటు వేడికి అచ్చు రంగులు మాడిపోతాయి. అందుకని ఒక రేకు అంచున చిన్న చిన్న నాలుకలు వదిలి, రెండో రేకు సందుల్లోకి దూర్చి మడిచేస్తారు. పెద్దాయన ఒక్కొక్క నాలుకనీ ఊపిరి బిగబట్టి లేపాడు. "ఒకసారి లేపొచ్చు, రెండోసారి కూడా లేపొచ్చు. మూడోసారి విరుగుతది" అన్నాడు. మొదట స్ప్రింగులో మిగిలి ఉన్న బిగువంతా మెల్లగా వదిలించాడు. అలా వదిలించకుండా విప్పితే స్ప్రింగు కొరడాలా లేచి వేళ్ళు కోసేస్తుందట.

లోపల చూస్తే గడియారమే! చెవి తిప్పితే రిబ్బనులాంటి స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విచ్చుకుంటూ పళ్ళ చక్రాల్ని తిప్పుతుంది. ఆ బలమంతా ఒక్కసారిగా అయిపోకుండా ఆపే ఏర్పాటు ఒకటుంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకీ బయటికొచ్చి గంట కొట్టే బొమ్మమనిషిని చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళి, మెడలు నొప్పెట్టేలా నిలబడ్డాం కదూ మనందరం? కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీవారి గడియారం అది. ఆ నవాబుగారి గడియారమూ, మా డాల్డా డబ్బా రైలూ ఒక వంశానివే.

స్ప్రింగు విరగలేదు. నూనె ఎండి బంకలా పట్టేసింది, అంతే. కిరసనాయిల్లో కడిగి, సన్న నూనె చుక్కలు వేసి, వంగిన ఇరుసును సరిచేసి, తుప్పును నూనెగుడ్డతో ఓపిగ్గా తుడిచాడు పెద్దాయన. కొత్త రంగు మాత్రం వెయ్యనన్నాడు. "రంగేస్తే కొత్త రైలైతది. ఈ అమ్మ రైలు కాదు గద!"

ఆయన నూనె చుక్కలు వేస్తుంటే నేను ఇంజను అడుగున చూశాను. చిన్న ఇంగ్లీషు అక్షరాలు, 'మేడిన్ జపాన్' అని. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కదా, ఊరుకోలేకపోయాను. ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను.

ఈ రేకు రైళ్ళకి మొదటి గొప్ప కొలిమి జర్మనీ. 1859లో మొదలైన మెర్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో ఎనిమిది అంకెలా వంపు తిరిగే పట్టాల మీద బొమ్మరైలు నడిపి చూపించింది. పట్టాల మధ్య ఎడానికి కొలతలు పెట్టి, ఇవాళ ఇంజను కొన్నవాళ్ళు వచ్చే ఏడు పెట్టెలు, ఆ పై ఏడు స్టేషను కొనుక్కునే దారి చూపించింది. చీరకి తగ్గ రవికె గుడ్డ పక్కనే పెట్టే కొట్టువాడి తెలివి అన్నమాట! ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1920 నుంచి లివర్‌పూల్‌లో చెవి రైళ్ళు తయారుచేయించాడు. ఆయన ప్రకటనల్లో రైలు నడిపేది ఎక్కువగా అబ్బాయే. కానీ బిన్స్ రోడ్డులోని ఆయన ఫ్యాక్టరీలో ఆ బొమ్మల పని చేసినవాళ్ళలో ఆడవాళ్ళే పెద్ద సంఖ్యలో ఉండేవారు. చేసే చేతులు ఆడపిల్లలవి, ఆడే చేతులు మగపిల్లలవి. నేరేడుచర్లలో మా అత్తమ్మకి జరిగింది లివర్‌పూల్‌లోనూ జరిగిందన్నమాట.

యుద్ధం వచ్చింది. రేకు, ఇనుము ఆయుధాలకి కావాలి. బ్రిటన్‌లో 1942లో లోహపు బొమ్మల తయారీ ఆపేశారు. యుద్ధం ముగిశాక జపాన్ బూడిదకుప్ప. 1945 చివర్లో, క్యోటో దగ్గర ఓట్సు పట్టణంలో కొసుగే అనే బొమ్మల పనివాడు, అమెరికా సైనికులు తిని పారేసిన డబ్బాల రేకు తెచ్చి, చదును చేసి, వాళ్ళ జీపులాంటి బుల్లి జీపు చేశాడు. పిల్లలు ఎగబడ్డారు. 1947లో ఆ దేశపు బొమ్మలు మళ్ళీ పైదేశాలకి వెళ్ళడం మొదలైంది. 1952 దాకా చాలా వస్తువుల మీద 'ఆక్రమిత జపాన్' అనే ముద్ర ఉండేది. మా రైలు మీద ఆ మాట లేదు. బహుశా పరాయి పాలన వదిలిన తర్వాత పుట్టిందేమో.

ఓడినవాడు గెలిచినవాడి ఎంగిలి డబ్బాతో బొమ్మ చేశాడని చదివినప్పుడు నాకు మా వాకిట్లోని డాల్డా డబ్బాలు జ్ఞాపకమొచ్చాయి. నెయ్యి అయిపోయాక అదే డబ్బా బియ్యం కొలత, అదే తులసి కుండీ, అదే నూతి దగ్గర చెంబు. రేకును పారెయ్యకపోవడం మనకి కొత్త విద్యా ఏమిటి? ఆ రైలును అన్నేళ్ళు కాపాడింది కూడా డాల్డా డబ్బాయే కదా!

ఆ తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, కరెంటు రైళ్ళు వచ్చాయి. లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

ఇంతకీ 1956లో నేరేడుచర్ల పిల్లలకి రైలంటే ఏం తెలుసు? నిజాం రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాదు చేరింది. 1889లో కాజీపేట, ఖమ్మం మీదుగా బెజవాడతో కలిసింది. మా వైపు తొంగి చూడలేదు. జొన్నలు, ఆముదాలు ఎడ్ల బండ్ల మీదే పోయాయి. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక ఆ నేల వరి నేల అయింది, మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరైంది. బీబీనగర్, నడికుడి రైలు దారికి 1974లో శంకుస్థాపన చేస్తే 1989 నాటికి పూర్తయింది. సరిగ్గా నూరేళ్ళు! మిర్యాలగూడ స్టేషనులో రైలు చూడ్డానికి అత్తమ్మ మామగారితో వెళ్ళిందట. అప్పటికామెకి నలభై దాటాయి, ముగ్గురు పిల్లల తల్లి. "అంత పెద్ద రైలొచ్చె గని, నా పానం ఆ చిన్న రైలు మీదనే కొట్టుకున్నది" అంది.

బాగైన రైలుని ఆ రాత్రి మా ఇంట్లో గచ్చు మీద పెట్టాం. చెవి అత్తమ్మే తిప్పింది. టిక టికమంటూ కదిలింది. వంపు దగ్గర ఒకసారి పట్టా తప్పింది. ముక్కలు గట్టిగా కలిపితే ఈసారి చుట్టు తిరిగి వచ్చింది. అత్తమ్మ కింద కూర్చుని, మోకాళ్ళ నొప్పుల సంగతి మరిచి, పదకొండు దాకా తిప్పుతూనే ఉంది. నేను పొయ్యి కట్టేసి, గడప మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్నే అంది, "కోదాడ పోదాం పా. అన్నకు చెప్పాలె" అని.

పెద్దాయన ఎనభై దాటినవాడు. కొడుకు దగ్గర ఉంటున్నాడు. చూపు మందగించిందే గానీ మాట గట్టిగానే ఉంది. దారి పొడుగునా అత్తమ్మ పెదాలు కదుపుతూనే ఉంది, పాఠం అప్పగించబోయే పిల్లలాగా. ఆయన ముందు పట్టాలు పరిచి, రైలు పెట్టి, చెవి చేతిలో పెట్టి, "అన్నా, నేనే దాసిన. నీకు చెప్పలే" అంది. గొంతు పూడుకుపోయింది.

ఆయన ఇంజనును తడిమి తడిమి చూశాడు.

"రైలా? నాకెక్కడి రైలే? నుమాయిష్‌ల నాయన నాకు ఊలు సూటరు కొన్నడు గద!"

ఎంత చెప్పినా జ్ఞాపకం రాలేదాయనకి. రెండు రోజులు ఏడ్చిన సంగతీ లేదు. చెవి తిప్పితే రైలు తిరుగుతుంటే మాత్రం పసిపిల్లాడిలా నవ్వాడు. "మంచిగున్నదే. నీదేనా?" అన్నాడు చెల్లెలితో.

తిరిగి వచ్చేటప్పుడు హుజూర్‌నగర్ దాటేదాకా అత్తమ్మ నోరు విప్పలేదు. ఆ తర్వాత, "యాదికే లేదట, చూసినవా!" అంది. కోపమో, ఉపశమనమో నాకు తెలియలేదు. బహుశా ఆమెకీ తెలిసి ఉండదు.

నేను కిటికీలోంచి కాలువ వెంట పచ్చటి మళ్ళు చూస్తూ కూర్చున్నాను. రైలు ముందునుంచీ ఉన్న ఊళ్ళవాళ్ళని అడిగితే ఏ సంవత్సరంలో వచ్చిందో చెప్పలేరు. మా వైపు మాత్రం ఏ పెద్దమనిషిని అడిగినా రైలు వచ్చిన ఏడు చెబుతారు. అందినవాళ్ళు మరిచిపోతారు. అందనివాళ్ళే లెక్క రాసి పెట్టుకుంటారు. బి.ఏ.లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు నాకు.

రైలు ఇప్పుడు మా ఇంట్లో, అద్దాల బీరువాలో ఉంది. చెవి మాత్రం యథాప్రకారం అత్తమ్మ గుత్తిలోనే. ఎవరికి నడిపించాలనున్నా ఆమె దగ్గరికి వెళ్ళి అడగాల్సిందే. నిన్న సాయంత్రం మా అమ్మాయి వెళ్ళి అడిగింది.

"చేతులు కడుక్కొని రాపో" అంది అత్తమ్మ, గుత్తి విప్పుతూ.