కంట్రీ గిటారు గురుపరంపర



మన శాస్త్రకారులు విద్యార్థులను మందాధికారి, మధ్యమాధికారి, ఉత్తమాధికారి యని మూడు తెగలుగా విభజించిరి. మందాధికారికి గురువు చేయి పట్టి అక్షరములు దిద్దించును. ఉత్తమాధికారి తన త్రోవ తానే చూచుకొనును. కష్టమంతయు మధ్యమాధికారిదే. వానికి అక్షరములు వచ్చును, పద్యము చదువుట వచ్చును. తన నోట మాత్రము పద్యము పుట్టదు. చిరకాలము బడిలో పాఠము చెప్పినవాడను గనుక ఈ అవస్థ నే నెఱుగుదును. అమెరికా దేశమున కంట్రీ సంగీతమను పల్లెపాటల సంప్రదాయము కలదు. అందు పాటకు నడుమ గిటారు ఒంటరిగా పలుకు ఘట్టము ముఖ్యమైనది. ఆ విద్య ఒకరినుండి యొకరికి ఎట్లు సంక్రమించినదో నేడు మనవి చేసెదను. మధ్యమాధికారికి కావలసిన ఉపాయము ఆ చరిత్రలోనే యున్నది.

1927వ సంవత్సరము వేసవిలో విక్టర్ కంపెనీ పక్షమున రాల్ఫ్ పీర్ అనునాయన టెనెస్సీ, వర్జీనియా రాష్ట్రముల సరిహద్దుననున్న బ్రిస్టల్ పట్టణమునకు వచ్చి, కొండప్రాంతపు గాయకుల పాటలను రికార్డుల కెక్కించెను. వచ్చినవారిలో కార్టర్ కుటుంబమువారు ముగ్గురు. అందు మేబెల్ కార్టర్ వయస్సు 18 సంవత్సరములు. అంతకు మునుపు ఆ పాటలలో గిటారు ప్రధానముగా తాళమునకు తోడు. ఆమె బొటనవ్రేలితో మంద్రపు తీగలపై పాట వరుసను మీటుచు, తక్కిన వ్రేళ్లతో పై తీగలను తడవి తాళము నడిపెడిది. 1928లో ఆ కుటుంబమువారు రికార్డు చేసిన ‘వైల్డ్‌వుడ్ ఫ్లవర్’ అను పాట తరువాతి తరములవారికి బాలశిక్ష వంటిదైనది.

ఆ కుటుంబమునకు లెస్లీ రిడిల్ అను నల్లజాతి వాద్యకారుడు మిత్రుడు. పాటలు సేకరించుటకై ఎ.పి. కార్టరుతో కలిసి ఊరూర తిరిగినవాడు. మేబెల్ ఆయన వాద్యమును చూచి నేర్చుకొనినది. ఆ కాలమున రికార్డులపై అచ్చుపడిన పేరు కార్టర్ కుటుంబమువారిదే. రిడిల్ వాద్యము ధ్వనిముద్రిత మగుటకు ఆయన వృద్ధుడు కావలసివచ్చెను.

కెంటకీ రాష్ట్రపు బొగ్గుగనుల ప్రాంతమున మఱియొక శాఖ మొలచినది. అచ్చట ఆర్నల్డ్ షుల్ట్జ్ అను నల్లజాతి వాద్యకారుడు 1886లో జన్మించి 1931లో గతించెను. ఆయన రికార్డు ఒక్కటియు లేదు. ఆయన వాద్యరీతిని కెనెడీ జోన్స్ గ్రహించెను. జోన్స్‌నుండి మోస్ రేగరు, ఐక్ ఎవర్లీ గ్రహించిరి. వారినుండి 1917లో పుట్టిన మెర్ల్ ట్రావిస్ గ్రహించెను. బొటనవ్రేలు మంద్రమున తాళగతిని నడుపుచుండగా చూపుడువ్రేలు పైన పాట పలికించుట ఈ రీతి. లోకము దానికి ట్రావిస్ పేరే పెట్టినది. గ్రంథము నిలిచినవాని పేరు నిలుచును, గ్రంథము లేని గురువు శిష్యుని చేతిలో మాత్రమే నిలుచును.

ఇక రేడియో శ్రోతలకు ప్రీతి గొలుపు కథ యొకటి. 1930 దశకపు చివర చెట్ అట్కిన్స్ అను బాలుడు జార్జియాలో తండ్రియొద్ద నుండెను. సిన్సినాటి నగరపు డబ్ల్యు.ఎల్.డబ్ల్యు. కేంద్రమునుండి ట్రావిస్ వాద్యము రేడియోలో వినవచ్చెడిది. చెవికి నాదము చేరును గాని కంటికి చేయి కనబడదు గదా! ఇన్ని స్వరములు ఒక్క చూపుడువ్రేలితో పలుకునని ఆ బాలునికి తోచలేదు. పెక్కు వ్రేళ్లు వాడుచున్నారని యూహించి, బొటనవ్రేలికి తోడు తక్కిన వ్రేళ్లను గూడ సాధించెను. ఆ యూహ తప్పే. కాని ఆ తప్పునుండి ఆయన సొంత బాణి పుట్టినది. ఏకలవ్యుడు గురువును ప్రతిమలో చూచుకొనెను, ఇతడు నాదములో చూచుకొనెను. అచ్చట బొటనవ్రేలు దక్షిణగా పోయినది, ఇచ్చట విద్యకు మూలమైనది.

1950వ సంవత్సర ప్రాంతమున కాలిఫోర్నియాలో లియో ఫెండర్ చెక్కపలకవంటి గట్టి దేహము గల విద్యుత్ గిటారును విపణికి తెచ్చెను. 1951 నుండి దానికి టెలికాస్టర్ అని పేరు. దాని నాదము పదునైనది. బేకర్స్‌ఫీల్డ్ పట్టణమున బక్ ఓవెన్స్ బృందములో, తొలుత ఫిడేలు వాయించిన డాన్ రిచ్ దీనిని చేపట్టెను. మెర్ల్ హాగర్డ్ బృందములో రాయ్ నికల్స్ వాయించెను. జేమ్స్ బర్టన్ తీగలు సులభముగా సాగుటకై సన్నని బాంజో తీగలను గిటారునకు కట్టుకొనెను. 1961లో వెలువడిన ‘హలో మేరీ లూ’ అను పాటలో ఆయన వాయించిన ఘట్టమును నేటికిని విద్యార్థులు వల్లించుచున్నారు.

తీగను సాగదీయుట యెందుకు? 1954లో ‘స్లోలీ’ అను పాట ప్రసిద్ధి కెక్కినది. అందు బడ్ ఐజక్స్ పెడల్ స్టీల్ వాద్యముపై, ఒక తీగ నిలిచియుండగా మఱియొక తీగ శ్రుతిని కాలిమెట్టుతో మార్చి వినిపించెను. ఆ నాదము దేశమంతట వ్యాపించినది. మెట్టు లేని గిటారువారు దానిని వ్రేళ్లతో అనుకరించిరి. పంచమమును నిలిపి, రిషభపు తీగను గాంధారమువఱకు సాగదీయుదురు. మన వైణికుడు మెట్టుపై తీగను ప్రక్కకు లాగి గమకము పలికించుట యెఱిగినవారికి ఇది అపరిచితము కాదు.

ఇప్పుడు మధ్యమాధికారి సమస్యకు వత్తము. ఈ వాద్యఘట్టములకు ఆధారముగా వారు తరచుగా వాడు అయిదు స్వరములు స, రి, గ, ప, ద. మన మోహన రాగపు స్వరములే ఇవి. వీనికి సాధారణ గాంధారమును చేర్చి, దానినుండి అంతర గాంధారమునకు జాఱుట ఆ సంగీతపు యాస. విద్యార్థి ఈ అయిదింటిని చక్కగా నేర్చి పైకి క్రిందికి పరుగెత్తించును. అయినను వినువారికి తృప్తి కలుగదు. ఏల?

కంట్రీ పాటలో రాగము నిలువదు. క్రింద కార్డ్ అను స్వరమేళనము మాఱుచుండును. మొదటి మేళనము స, గ, ప. రెండవది మ, ద, స. మూడవది ప, ని, రి. పరికింపుడు: మేళనము మాఱినదని చెప్పు స్వరములు ముఖ్యముగా మధ్యమ, నిషాదములు. మోహనలో లేనివి సరిగా ఈ రెండే! అయిదు స్వరములతోనే తిరుగువాడు పాట మలుపు తిరిగినచోట తాను తిరుగక నిలిచిపోవును. డాన్ రిచ్ వంటివారి ఘట్టములను పరీక్షించినచో, మేళనము మాఱిన క్షణమున వారి చేయి ఆ మేళనపు స్వరముమీద వాలుచుండును. విద్యార్థి స్వరములు కంఠస్థము చేసి, ఈ వాలుటను గమనింపడు. అన్వయము తెలియక శ్లోకము వల్లించుట యన నిదియే.

ఇందుకు పెద్దలు అనుసరించిన క్రమము సుగమమైనది. ముందు ఘట్టమును నోట పాడవలెను. పాడలేనిది చేయి పలుకదు. పిదప ఒక్కొక్క ముక్కను విడదీసి, దానిక్రింద ఏ మేళనమున్నదో చూడవలెను. ఆపై అదే ముక్కను వేఱొక శ్రుతిలో వాయింపవలెను. చివరకు ఆ ముక్కను వేఱొక పాటలో ఉచితమైన చోట ప్రయోగింపవలెను. ఇది పదచ్ఛేదము, అన్వయము, ప్రయోగము అను మన పాఠక్రమమే.

పూర్వము విద్యార్థులు లాంగ్ ప్లే రికార్డును సగము వేగమున త్రిప్పి వినెడివారు. అట్లు చేసినచో శ్రుతి సరిగా ఒక స్థాయి దిగును; స్వరముల పేళ్లు మాఱవు. నేడు శ్రుతి మాఱకుండనే వేగము తగ్గించు యంత్రసాధనములు వచ్చినవి. ఏ తీగపై ఏ మెట్టు నొక్కవలెనో అంకెలతో వ్రాసిన పత్రములును లభించుచున్నవి. ఇవి నిషిద్ధములని నేననను. టీకా లేక కావ్యము చదువుమనుట క్రూరత్వము. కాని అంకె చేయి యెక్కడ నుంచవలెనో చెప్పును, ఎంత మెల్లగా జాఱవలెనో చెప్పదు. ఆ జాఱుడులోనే రిడిల్, షుల్ట్జ్ మొదలగువారి చేయి నేటికిని ఉన్నది.

షుల్ట్జ్ నాదము మన మెన్నడును వినజాలము. ఆయన నేర్పినది నలుగురు శిష్యుల చేతులు దాటి, రేడియోలో పడి, చేయి చూడని బాలుని చెవిన జేరెను. ఆ గొలుసులో ప్రతివాడును ఒకప్పుడు మధ్యమాధికారియే. గురువు పాఠమును సగము పట్టి, తక్కిన సగమును చెవితో వెదకినవాడే. అంకెలు చూచి ఊరకున్నచో ఘట్టము నిలుచును, పరంపర తెగును. కావున విద్యార్థులు పత్రమును ప్రక్కన నుంచి, రికార్డును మఱియొకమాఱు వినవలెనని నా మనవి.