సైకిల్ షాపు ఊరికి ఏమిచ్చింది?

సైకిలు చరిత్ర రాయమంటే చాలామంది కంపెనీల చరిత్ర రాస్తారు. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ వచ్చింది, 1951లో సోనీపత్‌లో అట్లాస్ వచ్చింది, 1956లో లూధియానాలో ముంజాల్ సోదరులు హీరో మొదలుపెట్టారు. ఇవన్నీ గుర్తుంచుకోవలసినవే. కానీ లూధియానాలో తయారైన సైకిలు గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో పాతికేళ్ళు తిరగడానికి కారణం లూధియానాలో దొరకదు. అది మన వీధి చివర, తాటాకు పందిరి కిందో రేకుల షెడ్డులోనో నడిచిన షాపులో దొరుకుతుంది. మన సంఘం స్వర్ణోత్సవ సంచికలో ఒక షాపు యజమానిగా నేను చెప్పదలచుకున్నది ఇదే. సైకిల్ షాపు వ్యాపారం మాత్రమే కాదు, గ్రంథాలయంలా, తపాలా కార్యాలయంలా ఊరికి పనికొచ్చిన సంస్థ. దాన్ని అలా గుర్తించకపోవడం వల్లే ఈనాడు సైకిలు కోసం పెట్టే ఖర్చులో చాలా భాగం వృథా అవుతోంది.

మొదట అద్దె సంగతి చూద్దాం. ఒకప్పుడు కొత్త సైకిలు కట్నం జాబితాలో చేతి గడియారం, రేడియో పక్కన రాసుకునేంత పెద్ద ఆస్తి. కూలి చేసుకునే ఇంట్లో, గుమాస్తా ఇంట్లో కూడా దాన్ని కొనడం తేలిక కాదు. అందుకే చాలామంది గంటల లెక్కన అద్దెకు తీసుకున్నారు. మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో షాపు పేరు, సైకిలు నంబరు ఉండేవి. పుస్తకంలో మనిషి పేరు, తండ్రి పేరు, తీసుకున్న వేళ రాసుకునేవారు. ఎక్కువ చోట్ల డిపాజిట్టు ఉండేది కాదు, ఫలానా వారి అబ్బాయి అన్న మాటే పూచీ. పట్టా, జీతం కాగితం లేని మనిషి చేతికి అంత విలువైన వస్తువును నమ్మి ఇచ్చిన చోటు ఆనాటి ఊళ్ళో మరొకటి చూపించడం కష్టం. బ్యాంకు ఇవ్వలేదు, వడ్డీ వ్యాపారి తాకట్టు లేకుండా ఇవ్వలేదు. పిల్లలు కడ్డీ సందులోంచి కాలు పెట్టి తొక్కడం నేర్చుకున్నది కూడా ఎక్కువగా ఈ అద్దె సైకిళ్ళ మీదే.

రెండోది మరమ్మతు. డెల్టా నేల చదును, కాలువ గట్లు సహజమైన బాటలు. పాలు, చేపలు, కొబ్బరికాయలు, కల్లు, ఉత్తరాలు ఆ గట్ల మీద సైకిలెక్కి తిరిగాయి. కావిడితో నాలుగు వీధులు తిరిగే మనిషి సైకిలుతో నాలుగు ఊళ్ళు తిరగగలిగాడు. అయితే అతని సంపాదన మొత్తం ఒక ట్యూబు మీద ఆధారపడేది. తెల్లవారుజామున పంక్చరైతే ఎండెక్కేలోగా అది బాగుపడాలి, లేకపోతే క్యాన్‌లో పాలు విరిగిపోతాయి, బుట్టలో చేపలు చెడిపోతాయి. ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ వస్తుందో చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి మచ్చ అంటించే ఆ కాస్త పని మీద అతని ఇంటి పొయ్యి ఆధారపడింది. వెనక చక్రానికి 40 చువ్వలు, ముందు చక్రానికి 32 చువ్వలు ఉన్న ఆ నల్ల సైకిలు దశాబ్దాల తరబడి పెద్దగా మారలేదు. ఒక కంపెనీ చైను ఇంకో కంపెనీ సైకిలుకు సరిపోయేది, బేరింగు గోళీలు ఏ షాపులోనైనా దొరికేవి. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే, మూతపడింది. ఊళ్ళలో ఉన్న అట్లాస్ సైకిళ్ళు మాత్రం ఆగిపోలేదు. తయారు చేసినవాడు తప్పుకున్నా బాగుచేసేవాడు ఉన్నాడు కాబట్టి అవి తిరుగుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ముఖపరిచయం మీద నడిచిన ఆ నమ్మకం అందరికీ సమానంగా అందిందా? అందలేదు. ఊరి వాడికి దొరికిన సైకిలు వాడ నుంచి వచ్చినవాడికి అంత తేలిగ్గా దొరకలేదు. ఆడపిల్ల షాపు ముందుకొచ్చి గంటకు సైకిలు అడగడం దాదాపు ఊహలో లేని మాట. దీన్ని దాచి షాపును పొగడటం తప్పు. కానీ రెండు విషయాలు గమనించాలి. సైకిలు పని ఎవరి కులవృత్తీ కాదు, రెండు పానాలు, ఒక పంపు, చూసి నేర్చుకునే ఓపిక ఉంటే ఎవరైనా చేయగలిగారు. మన పనివాళ్ళలో ఎన్ని కులాల, మతాల వారున్నారో చూస్తే ఇది తెలుస్తుంది. ఇక ఆడవాళ్ళ విషయం. 1991, 92ల్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో కలెక్టరు షీలా రాణి చుంకత్ అక్షరాస్యతా ఉద్యమంలో సైకిలును భాగం చేసినప్పుడు లక్షమందికి పైగా స్త్రీలు తొక్కడం నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక ఎందరో జెంట్స్ సైకిళ్ళే తీసుకున్నారనీ, ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని వాటినే కోరుకున్నారనీ పాలగుమ్మి సాయినాథ్ రాశారు. అంటే అడ్డు వచ్చింది సైకిలు కాదు, షాపు గడప దగ్గరి అలవాటు. దాన్ని మార్చవలసిన బాధ్యత మనది, ఇప్పటికీ పూర్తిగా మార్చలేదు.

ఇంకో అభ్యంతరం మరీ గట్టిగా వినబడుతుంది. 1980లో టీవీఎస్ 50 వచ్చింది, 1985లో అదే ముంజాల్ కుటుంబం హోండాతో కలిసి సీడీ 100 తెచ్చింది, జనం బండ్లెక్కారు, ఇంకా సైకిలు గొడవ ఎందుకని. జనం బండ్లెక్కడం మంచిదే. ఎండలో పదిహేను కిలోమీటర్లు తొక్కే కష్టం తప్పినందుకు ఎవరూ బాధపడనక్కరలేదు. అయినా 2011 జనాభా లెక్కల్లో దేశంలో 44.8 శాతం ఇళ్ళలో సైకిలు ఉంది, మోటారు ద్విచక్ర వాహనం ఉన్నవి 21 శాతమే. ఆ తర్వాత బండ్లు ఎంత పెరిగినా, లైసెన్సు వయసు రాని బడిపిల్లలకు, పెట్రోలు భరించలేని పనివాళ్ళకు సొంతంగా కదలడానికి మిగిలింది సైకిలే. సైకిలు పేదరికానికి గుర్తు అని చిన్నచూపు చూసేవారు, పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్ళేవారన్న సంగతి తలచుకోవాలి.

ప్రభుత్వాలకూ దీని విలువ తెలుసు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిలు కోసం డబ్బు ఇవ్వడం మొదలయ్యాక, హైస్కూలులో చేరిన బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అధ్యయనంలో తేలింది. బడి మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరం ఉన్న ఊళ్ళలోనే ఈ ఫలితం ఎక్కువగా కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళు పంచారు. పంచినంత శ్రద్ధ ఆ సైకిళ్ళను నిలబెట్టడం మీద పెట్టకపోతే, బ్రేకు రబ్బరు అరిగిన సైకిలు గోడకు చేరుతుంది, పిల్ల మళ్ళీ నడక మొదలుపెడుతుంది. హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైంది. ఉదయపు వ్యాయామానికి అది చక్కగా ఉంది, దాన్ని తప్పుపట్టను. కానీ పాత బస్తీలో పాల క్యాన్లు మోసేవాడి దారి అటు పోదు. మెట్రో స్టేషన్ల దగ్గర ఫోను యాప్‌తో ఇచ్చిన అద్దె సైకిళ్ళూ ఊరికి అలవాటు కాలేదు. వాటికి తాళం తీసే యంత్రం ఉంది గానీ, చక్రం వంకర పోతే సరిచేసే మనిషి పక్కన లేడు.

అందుకని ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం అడగవలసినవి సన్మానాలు కావు. ప్రభుత్వం పంచే ప్రతి సైకిలుకూ మూడేళ్ళ మరమ్మతు ఖర్చును టెండరులోనే చేర్చి, ఆ పనిని ఆ మండలంలోని షాపులకే ఇవ్వాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట పోయేది పంక్చరు షాపే కాబట్టి, ప్రతి వార్డులో పది గజాల స్థలం మునిసిపాలిటీ కేటాయించాలి. ఇక మనవైపు నుంచి, పనిలో చేర్చుకునే కుర్రాళ్ళ పక్కన ఈ ఏడాది నుంచి అమ్మాయిలకూ పానా పట్టించాలి. ఈ మూడింటినీ తీర్మానంగా రాసి, జిల్లా కలెక్టరుకు అందజేయమని సభ్యులందరినీ కోరుతున్నాను.