పని లేనివారిని ఎలా లెక్కించారు?

టీటీసీ ముగించిన కొత్తలో మేము జిల్లా కేంద్రానికి బస్సెక్కి వెళ్లి ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకున్నాం. మాతో చదివి పదో తరగతి దగ్గర ఆగిపోయిన గూడెం మిత్రులు రాయించుకోలేదు. బస్సు ఛార్జీలు లేవు, వెళ్లినా ఫలితం ఉంటుందన్న నమ్మకమూ లేదు. పని వారికీ లేదు, మాకూ లేదు. కానీ రిజిస్టరులో నిరుద్యోగులం మేమే.

ఈ తేడా వెనుక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇళ్లకు వచ్చే సైనికులకు పని చూపడానికి 1945లో మన దేశంలో ఈ కార్యాలయాలు మొదలయ్యాయి. 1948లో అందరికీ తెరిచారు. పేరు రాయించుకోవడం మాత్రం ఎవరి ఇష్టం వారిది. అందువల్ల ఉద్యోగం ఉండి మరో ఉద్యోగం వెతికేవారి పేర్లూ అందులో ఉంటాయి, ఆ గడప తొక్కని కూలీల పేర్లు ఉండవు.

రెండో పద్ధతి సర్వే. 1950లో ఏర్పడిన జాతీయ నమూనా సర్వే ఎంపిక చేసిన ఇళ్లకు తానే వెళ్లి అడుగుతుంది. అయితే ఎంత పని ఉంటే పని ఉన్నట్టు? దంత్వాలా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల కమిటీ 1970లో, మన దేశపు నిరుద్యోగాన్ని ఒక్క అంకెతో చెప్పలేమని తేల్చింది. 1972-73 సర్వే నుంచి ఏడాది, వారం, రోజు అని మూడు రకాలుగా లెక్కించారు. వారం లెక్కలో ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే. వేసవిలో ఒక పూట తునికాకు కోసి కల్లంలో అమ్మి, మిగతా వారమంతా పని కోసం ఎదురుచూసిన అక్క ఆ లెక్కలో నిరుద్యోగి కాదు. రోజు లెక్కలోనే ఆమె ఖాళీ రోజులు కనిపిస్తాయి.

పేరు రాయించుకోవడానికి 2005 ఉపాధి హామీ చట్టం కొత్త బలం ఇచ్చింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని, మొదటి 30 రోజులకు అది కూలిలో నాలుగో వంతుకు తగ్గకూడదని చట్టం చెప్పింది. ఆ 15 రోజులను లెక్కపెట్టడానికి తేదీ వేసిన రసీదు కావాలి. నోటిమాటగా అడిగి తిరిగొచ్చినవారు కాగితం మీద పని అడగనట్టే. అలాంటి కాగితాలు చూసినవారు గూడెంలో పనికి కొదవ లేదనుకుంటారు.

సర్వే మన పనుల కరువును చూపగలదు కానీ ఎవరి చేతిలోనూ భృతి పెట్టదు. రిజిస్టరు హక్కును నిలబెడుతుంది కానీ రానివారిని చూడదు. కాబట్టి పత్రికలో నిరుద్యోగం అంకె కనిపిస్తే, వచ్చినవారిని లెక్కించారా, ఇళ్లకు వెళ్లి లెక్కించారా అని పిల్లల చేత అడిగిద్దాం. సర్వే చేసేవారు గూడేనికి వస్తే పని దొరికిన రోజులతోపాటు దొరకని రోజులూ చెప్పమందాం. చదువు వచ్చిన మనం రాయలేనివారి దరఖాస్తులు రాసిపెట్టి, వెంట వెళ్లి, రసీదు వారి చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడదాం.