నడుము నొప్పి నరం జాడ దొరికిన కథ

నెలల తరబడి తగ్గని నడుము నొప్పికి ఇవాళ హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల పెయిన్ క్లినిక్‌లలో ‘రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్’ అనే చికిత్స చేస్తున్నారు. పెద్ద కోత ఉండదు. ఎక్స్‌రేలో చూస్తూ వెన్ను దాకా సూది పంపి, నొప్పిని మెదడుకు చేరవేసే సన్నని నరాన్ని వేడితో పనిచేయకుండా చేస్తారు. దీని చరిత్రలో ఎక్కువ భాగం ఆ నరం సరిగ్గా ఎక్కడుందో తెలుసుకోవడానికే సరిపోయింది.

వెన్నుపూసల వెనకవైపు, పూసకూ పూసకూ మధ్య, కుడి ఎడమల చిన్న కీళ్లుంటాయి. వాటిని ఫేసెట్ కీళ్లంటారు. నడుము నొప్పికి ఇవీ కారణం కావచ్చని బోస్టన్ ఎముకల వైద్యుడు జోయెల్ గోల్డ్‌త్వెయిట్ 1911లో రాశారు. 1933లో గోర్మ్‌లీ అనే వైద్యుడు ఈ నొప్పిని ‘ఫేసెట్ సిండ్రోమ్’ అన్నారు. మరుసటి ఏడే మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు పక్కకు జరిగిన డిస్క్ నరాన్ని నొక్కుతుందని చూపారు. దాంతో వైద్యుల చూపంతా డిస్క్ మీదికి మళ్లింది, కీళ్ల సంగతి మరుగున పడింది. 1963లో స్వీడన్ వైద్యుడు కార్ల్ హిర్ష్ బృందం ఫేసెట్ కీళ్ల దగ్గర గాఢమైన ఉప్పునీరు ఎక్కించి చూస్తే నడుము నొప్పి పుట్టింది. అలా కీళ్లు మళ్లీ చర్చకొచ్చాయి.

1971లో ఆస్ట్రేలియాకు చెందిన రీస్ అనే వైద్యుడు చర్మం కింద నుంచి సన్నని కత్తి పంపి ఆ కీళ్ల నొప్పిని మోసే నరాలను తెంచానని, దాదాపు అందరికీ నయమైందని ప్రకటించారు. అమెరికాలో నార్మన్ షీలీ ఆ పద్ధతిలోని రక్తస్రావం చూసి కత్తిని పక్కనపెట్టారు. దాని బదులు రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటుతో కొన వేడెక్కే సూది వాడి, 1970ల నడుమ ఫలితాలు ప్రచురించారు. నేటి చికిత్సకు మూలం అదే.

కథను మలుపు తిప్పింది మాత్రం శరీర నిర్మాణ శాస్త్రం. ఆస్ట్రేలియాలో నికొలాయ్ బొగ్డుక్, లాంగ్ అనే పరిశోధకులు శవాల వెన్నును కోసి నరం దారిని గుర్తించారు. రీస్ కత్తి గానీ, షీలీ సూది గానీ గురిపెట్టిన చోట ఆ నరం లేదని 1979-80ల్లో తేల్చారు. ఒక్కో కీలుకు రెండు నరాలు వస్తాయి కాబట్టి రెండింటికీ చికిత్స చేయాలి. 1987లో బొగ్డుక్ బృందం మరో సంగతి బయటపెట్టింది: వేడి అనేది సూది చుట్టూ పక్కలకు పాకుతుందే తప్ప ముందుకు పెద్దగా పోదు. అందుకే పాదుకు ఊతకర్ర ఆనించినట్టు సూది నరం వెంబడే పడుకోవాలి. సాధారణంగా 80 డిగ్రీల వేడిని నిమిషం నుంచి నిమిషన్నర దాకా ఉంచుతారు. తర్వాత నరం మళ్లీ పెరుగుతుంది కాబట్టి నొప్పి తిరిగి రావచ్చు.

ఇంత చేసినా వివాదం తీరలేదు. నెదర్లాండ్స్‌లో 681 మందిపై జరిగిన పరీక్షల్లో, వ్యాయామానికి ఈ చికిత్స జోడించినందువల్ల చెప్పుకోదగ్గ అదనపు మేలు కనబడలేదని 2017లో తేలింది. రోగుల ఎంపిక, సూది పెట్టిన తీరు సరిగా లేవని కొందరు నిపుణులు ఆక్షేపించారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో ఈ చికిత్సకు షరతులతో ఒప్పుకుంది: మిగతా చికిత్సలు పనిచేయకపోయి ఉండాలి, నొప్పి పదికి ఐదో అంతకంటే ఎక్కువో ఉండాలి, ముందుగా ఆ నరాలకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు నొప్పి తగ్గాలి. 2025లో బీఎంజే వైద్య పత్రిక నిపుణుల బృందం మాత్రం దీర్ఘకాలిక వెన్నునొప్పికి ఇలాంటి చికిత్సలు వద్దనే గట్టిగా చెప్పింది.

కాబట్టి ఎవరైనా ఈ చికిత్స సూచిస్తే మూడు ప్రశ్నలు అడగండి. నొప్పి ఫేసెట్ కీళ్లదేనని ఎలా తేల్చారు? ముందు మత్తు ఇంజెక్షన్‌తో పరీక్షిస్తారా? నొప్పి తిరిగొస్తే ఏం చేస్తారు? వీటికి స్పష్టమైన జవాబులు రానంతవరకు సూదికి ఒప్పుకోకండి. వ్యాయామాన్ని మాత్రం ఎప్పుడూ మానకండి.